‘దొంగల కిత్తురో’ అన్నది పాఠమా, ‘దొంగల పాలౌనొ’ అన్నదా?

ద్వారకానగర్ నుంచి:
పౌరగ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక థ్రిల్లరు నవల నిన్న పూర్తి చేశాను. ముసుగు దొంగలు బ్యాంకు మేనేజరు భార్యాబిడ్డలను ఇంట్లోనే నిర్బంధించి, తెల్లవారాక ఆయన చేతనే స్ట్రాంగ్‌రూము తెరిపిస్తారు. కథ అంతే, పాత్రల పేర్లు కూడా మనసులో నిలవవు. అయితే మేనేజరు నోట్ల కట్టలను తానే సంచిలో సర్ది, జిప్పు లాగి, దొంగ చేతికి అందించే చోట శేషప్పకవి నరసింహశతకంలోని ‘తల్లిగర్భమునుండి’ సీసం ఎత్తుగీతి (సీసం చివర వచ్చే చిన్న పద్యం) నాలుక మీదికి వచ్చింది. దాచిన సొమ్ము చివరికి దొంగలకో దొరలకో చేరుతుందని దాని భావం. ‘తుదకు దొంగల పాలౌనొ దొరల కౌనొ’ అని మా తాతగారు చదివేవారు. అచ్చుప్రతిలో ‘దొంగల కిత్తురో’ అని ఉంది. ఏది గ్రాహ్యం?

ఎం.వి.పి. కాలనీ నుంచి:
‘కిత్తురో’ రగణం, ‘పాలౌనొ’ తగణం, రెండూ ఆ చోట చెల్లే ఇంద్రగణాలే. యతి (పాదంలో కుదరవలసిన అక్షరమైత్రి) ‘తు–దొ’లకు కనుక దానికీ భంగం లేదు. ఛందస్సు తేల్చదు కాబట్టి అర్థాన్నే ఆశ్రయించాలి. తరువాతి పాదం ‘తేనె జుంటీగ లియ్యవా తెరువరులకు’, అంటే తేనెటీగలు బాటసారులకు తేనె ఇవ్వవా అని. ఈగలు ‘ఇయ్యవా’ అని కవి అడగాలంటే, అంతకుముందు మనుషులు ‘ఇత్తురు’ అని ఉండి తీరాలి. ‘పాలౌనొ’ అంటే ఆ జంట విడిపోతుంది.

గాజువాక నుంచి:
మాస్టారూ, దొంగలకు ఎవరైనా ఇస్తారా? సొమ్ము దొంగల పాలవుతుందనే కదా మన నుడికారం! జుంటీగలు మాత్రం ఇష్టపడి ఇస్తున్నాయా? మన్యంలో పొగ పెట్టి ఈగలను తోలిన తరువాతే తేనెపట్టు కోస్తారు. పైగా ‘పాలౌనొ’, ‘కౌనొ’ అన్న రెండింటి తూగు చెవికి ఎంత ఇంపుగా ఉందో చూడండి.

సీతమ్మధార నుంచి:
బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదానిగా చెబుతున్నాను. స్ట్రాంగ్‌రూము తాళపుచెవులు ఇద్దరు అధికారుల దగ్గర చెరొకటి ఉంటాయి. ఇద్దరూ కలిస్తే తప్ప తలుపు తెరుచుకోదు. 2004 డిసెంబరులో బెల్‌ఫాస్ట్‌లోని నార్తర్న్ బ్యాంకును దోచుకున్నవారు ఇద్దరు ఉద్యోగుల కుటుంబాలను పట్టుకుని, ఆ ఇద్దరినీ ఎప్పటిలాగే పనికి పంపారు. 2.6 కోట్ల పౌండ్లకు పైగా సొమ్మును వారి చేతుల మీదుగానే బయటికి రప్పించారు. భార్యాబిడ్డల ప్రాణం అడ్డు పెట్టినప్పుడు ‘ఇచ్చుట’ తప్ప మరో క్రియ సరిపోదు. ఇష్టం లేకుండా ఇవ్వడమూ ఇవ్వడమే. పొగకు లొంగిన ఈగల సంగతీ అదే గనుక, గాజువాక వారి ఉదాహరణ ‘కిత్తురో’కే బలం చేకూరుస్తోంది.

భీమిలి నుంచి:
వేమనను మరిచి శేషప్పను చర్చించడం నాకు వెలితిగా ఉంది. ‘తేనెటీగ గూర్చి తెరువరి కీయదా’ అన్న ఒక్క ఆటవెలది పాదంలో ఈ ఎత్తుగీతి సారమంతా ఇమిడి ఉంది. క్రియ అక్కడా ‘ఇచ్చుట’యే. శేషప్ప ఆ పాదాన్ని విని, పెంచి, దొంగలనూ దొరలనూ చేర్చాడని నా నమ్మకం. ‘దానము భోగము నాశము’ అన్న ఏనుగు లక్ష్మణకవి కందం కూడా ఇదే మాట చెబుతుంది కానీ, అందులో తేనెటీగ లేదు. వేమన చూపు ఎప్పుడూ దారి పక్కన కనబడే ప్రాణి మీద ఉంటుంది; అందుకే ఆయన పద్యం చదువురాని నోళ్లలో సైతం నిలిచింది.

గాజువాక నుంచి:
వేమన వాడిన క్రియనే శేషప్ప వాడాలన్న నియమం లేదు. దొరల విషయంలో ‘ఔనొ’ అన్న కవి, దొంగల దగ్గర ‘ఇత్తురో’ అని కర్తను ఎందుకు మార్చాడో ముందు చెప్పండి.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
దొంగకు యజమాని బతికుండగానే ఇస్తాడు. దొరకు యజమాని పోయిన తరువాత సొమ్ము దానంతట అదే చెందుతుంది. కర్త మారింది అందుకే. ఇక, కొన్ని ప్రతులలో ‘కవునొ’ అని ఉంటుంది. ‘కౌనొ’ హగణం, ‘కవునొ’ నగణం; రెండూ పాదం చివర ఉండవలసిన సూర్యగణాలే కనుక చెల్లుతాయి. ‘కవునో’ అని దీర్ఘం తీస్తే మాత్రం గణభంగం.

ద్వారకానగర్ నుంచి:
తాతగారు దీర్ఘం తీసేవారు కారు. శేషప్పకవి ఊరైన ధర్మపురి ప్రాంతంలో ఈ పద్యం పాడే పెద్దలు ‘పాలౌనొ’ అంటారా, ‘కిత్తురో’ అంటారా? అక్కడి బంధువులు ఎవరికైనా ఉంటే అడిగి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.