గడువు దాటినా ఆగని సాఫ్ట్‌వేర్‌ని వాడుకుంటూ పోతే దొంగతనమేనా?

ఊరికేచదువరి:
ఫైళ్లు కుదించే విన్‌రార్ 40 రోజులు ఊరికే వాడి చూడమంటుంది. నా 40 రోజులు ఎప్పుడో ఏళ్ల కిందటే అయిపోయాయి. కొనమని స్క్రీన్ మీద ఓ పెట్టె వస్తుంది, మూసేసి నా పని నేను చేసుకుంటాను. నిన్న ఆఫీసులో ఒకాయన "అది దొంగతనమే" అని తేల్చేశాడు. నేను తాళం విరగ్గొట్టే క్రాక్ వేయలేదు, దొంగ కీ పెట్టలేదు. ఆపగలిగి కూడా వాళ్లే ఆపలేదు. ఇందులో నా తప్పేంటి?

సెమికోలన్:
తలుపు తీసి ఉందని లోపలికి వెళ్లిపోతారా? గడువయ్యాక కొనాలి, లేదా తీసేయాలి. లైసెన్సులో ఉన్నది అదే. నేనూ ఓ చిన్న టూల్ అలాగే వదిలాను. 30 రోజులని రాశాను, తాళం మాత్రం వేయలేదు. డౌన్‌లోడ్‌లు చూసి మురిసిపోయాను, బ్యాంకు ఖాతా చూసి నీరుగారిపోయాను. తర్వాతి వెర్షన్‌లో గడువు దాటితే సేవ్ పనిచేయకుండా చేశా. తిట్లు వచ్చాయి, డబ్బులూ వచ్చాయి.

ఫ్లాపీకాలం:
సెమికోలన్ గారూ, షేర్‌వేర్‌లో, అంటే ముందు ఊరికే వాడి నచ్చితే డబ్బిచ్చే పద్ధతిలో, తలుపు పొరపాటున తెరిచి ఉండలేదు, కావాలనే తెరిచారు. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌నీ, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనేదాన్నీ పదిమందికీ పంచుకోమని వదిలి, నచ్చితే డబ్బు పంపమన్నారు. మరుసటి ఏడు బాబ్ వాలెస్ పీసీ-రైట్ అనే రాత ప్రోగ్రామ్‌తో ఇంకో అడుగు ముందుకేశాడు. ఫ్లాపీ 10 డాలర్లు, రిజిస్ట్రేషన్ 75. మీరిచ్చిన కాపీతో ఇంకొకరు రిజిస్టర్ చేసుకుంటే మీకు 25 డాలర్లు. కాపీ ఇచ్చినవాడే సేల్స్‌మన్ అన్నమాట! షాపుల అరల్లో చోటు దొరకని ఒంటరి ప్రోగ్రామర్‌కి అంతకన్నా మంచి దారి ఏముంది?

కాకపోతే అందరూ మొహమాటాన్నే నమ్ముకుని కూర్చోలేదు. 1993లో డూమ్ అనే ఆట మూడు ఎపిసోడ్లలో మొదటిది ఊరికే ఇచ్చింది, మిగతా రెండూ కొనుక్కోవాలి. ఆట మంచి పట్టులో ఉండగా ఆపేస్తే చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తుంది.

సెమికోలన్:
ఆటని ముక్కలు చేయొచ్చండీ. ఫైళ్లు కుదించే టూల్‌ని ఎలా ముక్కలు చేస్తారు? ఫైలు సగమే విప్పి మిగతాదానికి డబ్బు అడగాలా?

ఫ్లాపీకాలం:
అక్కడ గీత వేరేచోట గీయాలి. గడువయ్యాక కొత్తవి చేయనివ్వకండి, పాతవి మాత్రం తెరవనివ్వండి. జనం సొంత ఫైళ్లను బందీలు చేసి డబ్బు అడగడం అమ్మకం కాదు. రార్ ఫైలు విప్పే అన్‌రార్‌ని వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు, గమనించారా? రార్ ఫైలు తయారుచేయడానికే లైసెన్సు.

ఊరికేచదువరి:
పైగా నన్ను గెంటేస్తే అదే పని చేసే సెవెన్‌జిప్‌కి పోతాను, అది ఎలాగూ ఉచితం. నాలాంటివాళ్లు వాడుతుండబట్టే కదా ఇంకా రార్ ఫైళ్లు తిరుగుతున్నాయి!

సెమికోలన్:
అంటే వాడుకుని ఉపకారం చేస్తున్నారన్నమాట. సంతోషం.

మధ్యలోవచ్చా:
ఇప్పటి "ఉచిత ట్రయల్" మాటేంటి? ముందే కార్డు నంబరు అడుగుతారు, రద్దు చేయడం మర్చిపోతే డబ్బు కోసేస్తారు. పాతవాళ్లు మన నిజాయితీ మీద పందెం కాస్తే, వీళ్లు మన మతిమరుపు మీద కాస్తున్నారు. ఆ కొనమనే పెట్టే నయం.

సెమికోలన్:
అది ఒప్పుకుంటా. కానీ పెట్టె మర్యాదగా అడిగిందని ఎగ్గొట్టడం హక్కు అయిపోదు. ఇంతకీ ఊరికేచదువరి గారూ, మీరు దాన్ని ఇంట్లో వాడుతున్నారా, ఆఫీసులోనా?

ఊరికేచదువరి:
రెండుచోట్లా. ఇంటిది ఇంకా తేల్చుకోలేదు. ఆఫీసుది మాత్రం మీ ప్రశ్న చూశాక తీసేశా, అక్కడ దాంతో చేసే పనికి నాకు జీతం వస్తోంది మరి. తీసేస్తూ పక్క సీటు వైపు చూశాను. దొంగతనమన్న ఆయన స్క్రీన్ మీద అదే పెట్టె. నేను చూస్తుండగానే మూసేశాడు.