ఊక విద్యుత్ ప్లాంటుకు కార్బన్ క్యాప్చర్ అమర్చితే లెక్క కుదురుతుందా?

ప్రశ్న – బాయిలర్ ఇంజినీరు, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఆరు మెగావాట్ల ఊక ఆధారిత విద్యుత్ ప్లాంటులో పనిచేస్తున్నాను. మాకు యూనిట్ విద్యుత్తుకు సుమారు 4,200 కిలో కేలరీల ఇంధనం ఖర్చవుతోంది. యూనిట్‌లో ఉండే శక్తి 860 కిలో కేలరీలే కనుక, ఊకలోని వేడిలో ఐదో వంతు మాత్రమే కరెంటుగా మారుతోంది. బయోమాస్ (ఊక, చెక్క వంటి మొక్కల ఇంధనం) పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూగర్భంలో నిల్వ చేస్తే గాలిలోని కార్బన్ నికరంగా తగ్గుతుందని తరచుగా చదువుతున్నాను. ఇంత తక్కువ దక్షత ఉన్న చిన్న ప్లాంటుకు ఆ పద్ధతి నప్పుతుందా? ఇంగ్లండ్‌లోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రం, స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ ప్లాంటు ఉదాహరణలు మనకు వర్తిస్తాయా?

జవాబు 1 – కెమికల్ ఇంజినీరు, విశాఖపట్నం

ముందు టన్ను ఊక లెక్క చూద్దామండీ. అందులో సుమారు 31 లక్షల కిలో కేలరీల వేడి, 370 కిలోల కార్బన్ ఉంటాయి. ఆ కార్బన్ పూర్తిగా కాలితే దాదాపు 1.35 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పొగలో అధికభాగం నైట్రోజనే కాబట్టి ఈ వాయువును వేరుచేయడానికి అమీన్ ద్రావణం వాడతారు. ఒక టవరులో 40 డిగ్రీల దగ్గర వాయువును పీల్చుకున్న ద్రావణం, మరో టవరులో 120 డిగ్రీల దాకా వేడిచేస్తేనే దాన్ని వదులుతుంది. ఇందుకు టన్ను వాయువుకు 8 లక్షల కిలో కేలరీలకు పైగా కావాలి. తొంభై శాతం పట్టాలంటే టన్ను ఊకకు 10 లక్షలు, అంటే ఇంధనంలోని వేడిలో మూడో వంతు. ఆ తర్వాత వాయువును కంప్రెస్ చేయడానికి టన్నుకు మరో వంద యూనిట్లు పోతాయి. టన్ను ఊకకు మీకు వచ్చేదే 740 యూనిట్లు. పైగా ఊక పొగలోని సన్నని బూడిదను బాగా వడకట్టకపోతే ద్రావణం త్వరగా పాడవుతుంది.

జవాబు 2 – పవర్ ప్లాంట్ కన్సల్టెంట్, హైదరాబాద్

పై లెక్క సరైనదే. అయితే మూడో వంతు కరెంటు పోతుందని దాని అర్థం కాదు. ద్రావణాన్ని వేడిచేయడానికి టర్బైన్‌లో చాలావరకు పని చేసేసిన తక్కువ పీడనపు ఆవిరి చాలు. నష్టం అది ఇంకా ఇవ్వగలిగిన కరెంటు మేరకే. అసలు చూడవలసింది, టర్బైన్ దాటిన ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్ నుంచి కూలింగ్ టవరు ద్వారా వృథాగా పోతున్న వేడిని. స్టాక్‌హోమ్‌లోని వార్తాన్ ప్లాంటు 2016 నుంచి చెక్క ముక్కలు, అటవీ వ్యర్థాలు కాల్చి, కరెంటుతో పాటు నగరంలోని ఇళ్లకు వేడి నీటి పైపుల ద్వారా వేడిని అందిస్తోంది. ఏటా 8 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యూనిట్‌కు అక్కడ 2025 మార్చిలో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకున్నారు. క్యాప్చర్‌కు వాడిన వేడిలో అధికభాగం మళ్లీ ఆ పైపుల్లోకే చేరుతుంది కనుకనే అక్కడ లెక్క కుదిరింది. డ్రాక్స్ సంగతి వేరు. అది 2013–2018 మధ్య నాలుగు బొగ్గు యూనిట్లను చెక్క గుళికలకు మార్చింది. గుళికలు ఎక్కువగా అమెరికా నుంచి ఓడల్లో వస్తాయి, వేడిని వాడుకునే నగరం పక్కన లేదు. నరికిన చెట్టు తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, మన ఊక కార్బన్ ఒక్క పంటకాలంలో తిరిగి వరిలోకి చేరుతుంది. ఆ విషయంలో మనదే మెరుగైన ఇంధనమని నా దృఢమైన అభిప్రాయం. మనకు ఇళ్లకు వేడి అక్కర్లేదు గానీ, బాయిల్డ్ రైస్ మిల్లుల్లో ధాన్యం ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి ఆవిరి కావాలి. మీ పక్కన అలాంటి మిల్లు ఉంటే, క్యాప్చర్ గురించి ఆలోచించే ముందు ఆవిరి పైపు వేయండి.

జవాబు 3 – వ్యవసాయ పరిశోధక విద్యార్థి, బాపట్ల

నిల్వ సమస్యను కూడా గమనించాలి. పూర్తి లోడు మీద మీ ప్లాంటు రోజుకు దాదాపు 190 టన్నుల ఊక కాలుస్తుంది. పట్టగలిగే వాయువు 230 టన్నులు దాటుతుంది, అంటే ఇరవై టన్నుల ట్యాంకర్లు రోజుకు పన్నెండు. అవి ఎక్కడికి వెళ్లాలి? పైప్‌లైన్ గానీ, వాయువును తీసుకునే నిల్వ కేంద్రం గానీ దగ్గర్లో లేనప్పుడు ఈ పరిమాణానికి అది భరించలేని ఖర్చు. చిన్న ప్లాంట్లకు బయోచార్ మేలని నేను అనుకుంటున్నాను. గాలి సరిగా అందకుండా ఊకను మాడ్చితే కార్బన్‌లో సగం వరకు బొగ్గుగా మిగులుతుంది; పొలంలో వేస్తే అందులో అధికభాగం చాలా కాలం నిలుస్తుంది. ఆ మేరకు కరెంటు తగ్గుతుంది, అది ఒప్పుకోవలసిందే. మీ బూడిద ఇప్పటికే నల్లగా వస్తుంటే అందులో కాలని కార్బన్ ఉన్నట్టే. ముందు దాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, ఆ శాతం తెలిస్తే మీ 4,200 లెక్కలో ఎంత తగ్గించవచ్చో కూడా తేలుతుంది.