22 ఏళ్ల కాపురానికి శాశ్వత భరణం ఎలా తేలుస్తారు? జీతంలో పావు వంతు న్యాయమేనా?

కోనసీమ చెల్లెలు:
ఇది మా అక్క విషయం. పెళ్లయి 22 ఏళ్లు, అక్కకి 47. పెళ్లయిన కొత్తలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. బావ ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు, మూడేళ్లకో ఊరు. పాప పుట్టాక, అదే ఏడు అత్తగారికి పక్షవాతం రావడంతో అక్క ఉద్యోగం మానేసింది. మళ్లీ చేరలేదు. ఇప్పుడు విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. తప్పెవరిదన్న చర్చ ఇక్కడ వద్దు, అది ఇంట్లోనే చాలా అయింది.

పేచీ అంతా డబ్బు దగ్గరే. బావకి చేతికొచ్చే జీతం 1,60,000. కాకినాడలో ఇల్లు ఉంది, ఆయన పేరు మీదే. పాప బీటెక్ రెండో సంవత్సరం. పెద్దమనుషుల్లో కూర్చుంటే ఒకేసారి 25 లక్షలు ఇస్తాం, ఆ తరువాత ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టమన్నారు. నాన్న "వచ్చింది పుచ్చుకుని బయటపడండి" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కోర్టులో దీన్ని దేన్ని బట్టి తేలుస్తారు? అసలు దేన్ని బట్టి తేల్చాలి? రెండూ చెప్పండి.

లెక్కల మాస్టారు:
సుప్రీంకోర్టు నికర జీతంలో 25 శాతం అన్నది కదమ్మా. అంటే నెలకు 40,000. ఇప్పుడు వాళ్లు ఇస్తామన్నది చూడండి. 25 లక్షలు బ్యాంకులో వేసి 7 శాతం వడ్డీ వచ్చిందనుకుందాం. ఏడాదికి 1,75,000, నెలకు 14,600 కూడా రాదు. అసలు ముట్టుకోకుండా నెలకు 40,000 రావాలంటే 68 లక్షలకు పైన ఉండాలి. ధరలు పెరగడం ఇందులో కలపలేదు. ఈ కాగితం మీ నాన్నగారికి చూపించండి.

నల్లకుంట:
ఈ పావు వంతు మాట ఎక్కడికక్కడ వాడేస్తున్నారు, అందుకే రాస్తున్నాను. నాది ఏడాది కూడా నిండని కాపురం. ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అయినా అవతలి లాయరు మొదటి రోజే "25 శాతం, జీవితాంతం" అన్నాడు. ఇదేం న్యాయం? 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది: ఈ రోజుల్లో చాలా పెళ్లిళ్లు ఎక్కువ కాలం నిలవడం లేదు, అలాంటప్పుడు జీవితాంతం భరణం ఇమ్మనడం సబబు కాకపోవచ్చు, కాపురం ఎంతకాలం సాగిందో చూడాలి అని. 2024 డిసెంబరులో రింకూ బహేతీ కేసులో ఇంకా సూటిగా చెప్పారు. భార్యాభర్తల ఆస్తులు సమానం చేయడానికి కాదు భరణం ఉన్నది అన్నారు. మాజీ భర్త ఆ తరువాత పైకి ఎదిగితే ఆ స్థాయి కూడా నాకు కావాలంటే కుదరదన్నారు.

మీ అక్కగారిది సుదీర్ఘ కాపురం, కాదనను. కానీ ఎమ్మెస్సీ చదివిన మనిషి. 47 అంటే ముసలితనం కాదు. మళ్లీ పాఠం చెప్పుకోగలరు. ఇంకో ముప్పై ఏళ్లు ఆయన సంపాదన మీదే బతకాలని ఎందుకనుకోవాలి?

అరుంధతి:
నల్లకుంట గారూ, మీ బాధ అర్థమైంది. ఏడాది కాపురానికి జీవితాంతం అడగడం నేను కూడా ఒప్పుకోను. కానీ మీ కేసు తెచ్చి ఈవిడ కేసు మీద పెట్టకండి.

"మళ్లీ పాఠం చెప్పుకోగలరు" అన్నారు. ఎక్కడ? 18 ఏళ్ల ఖాళీ ఉన్న 47 ఏళ్ల కెమిస్ట్రీ లెక్చరర్‌ని ఏ కార్పొరేట్ కాలేజీ తీసుకుంటుంది? తీసుకున్నా కొత్తగా చేరిన పాతికేళ్ల పిల్లకిచ్చే జీతమే ఇస్తారు. మానకుండా ఉంటే ఈపాటికి సీనియర్ లెక్చరర్ అయ్యేవారు, పీఎఫ్ ఉండేది, సొంత పేరుతో ఒక ఫ్లాట్ ఉండేదేమో. ఆ 18 ఏళ్లలో ఆయనకి ప్రమోషన్లు వచ్చాయి. మూడేళ్లకో ఊరు మారుతూ, మంచంలో ఉన్న తల్లిని చూసుకుంటూ ఆయన ఒక్కరే ఆ ప్రమోషన్లు తెచ్చుకున్నారా?

2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో మన జస్టిస్ ఎన్.వి.రమణ ఈ లెక్కలే ఎత్తి చూపి, గృహిణి పనికి ఆర్థిక విలువ కట్టాల్సిందేనని రాశారు. చనిపోతే పరిహారానికి విలువ కడతాం, బతికుండి విడిపోతే "బతకడానికి ఎంత కావాలి?" అని మాత్రమే అడుగుతాం. నాకు అక్కడే మంట. ఇక సంపాదించగల శక్తి ఉండటం వేరు, నిజంగా సంపాదిస్తూ ఉండటం వేరని 2017లో శైలజ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

బెజవాడ వకీలు:
ఫ్యామిలీ కోర్టులో రోజూ చూసేదాన్ని బట్టి చెబుతాను.

మొదట ఆ 25 శాతం సంగతి. అది శ్లాబు కాదు. 2017లో కళ్యాణ్ డే చౌధురి కేసులో వచ్చిన మాట. ఆ కేసులోనే ఏం జరిగిందో చూడండి. భర్త నికర జీతం 95 వేల పైచిలుకు. హైకోర్టు నెలకు 23,000 వేసింది. పావు వంతు సబబే అంటూనే సుప్రీంకోర్టు దాన్ని 20,000కి తగ్గించింది, ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకో బిడ్డను కూడా పోషిస్తున్నాడు కాబట్టి. అంటే ఆ మాట పుట్టిన కేసులోనే అది కచ్చితంగా అమలు కాలేదు. కొందరికి అంతకన్నా ఎక్కువ వస్తుంది, కొందరికి అసలు రాదు.

హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ఏ శాతమూ చెప్పదు. ఇద్దరి ఆదాయం, ఇద్దరి ఆస్తి, ఇద్దరి నడవడిక, మిగతా పరిస్థితులు చూడమంటుంది. నెలనెలా అయినా, ఒకేసారి మొత్తంగా అయినా ఇమ్మనవచ్చు. భర్త కూడా అడగవచ్చు. కేసు నడుస్తుండగా ఇచ్చేది 24వ సెక్షన్ కింద, అది వేరు. 2024 డిసెంబరులో పర్వీన్ కుమార్ జైన్ కేసులో భార్యకు 5 కోట్లు, కొడుక్కి కోటి ఇప్పించినప్పుడు కోర్టు ఒక మాట అంది: భరణం భర్తకు శిక్ష కాకూడదు, భార్య గౌరవంగా బతికేలా ఉండాలి అని. ఆ కోట్లు చూసి ఆశపడకండి, ఆ ఇంటి స్థాయి వేరు. చూడాల్సింది అందులో లెక్కలోకి తీసుకున్న అంశాలను: ఇద్దరి హోదా, భార్యాపిల్లల అవసరాలు, చదువు, ఉద్యోగం, కాపురంలో ఉన్నప్పటి జీవన స్థాయి, ఇంటి కోసం వదులుకున్న కొలువు, భర్త శక్తి, అతని బాధ్యతలు.

మీ అక్కగారి కేసులో "వదులుకున్న కొలువు" అన్నదే బలం. దాన్ని నోటితో చెబితే చాలదు. పాత అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, రాజీనామా ఉత్తరం, ఏది దొరికినా బయటికి తీయండి.

ఇంకోటి, "చేతికొచ్చే జీతం" అన్న మాట నమ్మకండి. పే స్లిప్ తెప్పించి రెండో సగం చదవండి. పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేయడం న్యాయం. ఇష్టపడి ఎక్కువ కట్టే పీఎఫ్, సొసైటీ లోను, కారు ఈఎంఐ కూడా అక్కడే కోతపడి ఉంటాయి. వాటిని చూపించి జీతం తక్కువంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. రజనీష్ తీర్పు తరువాత ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందే. ఒప్పందం మీద విడిపోయినా సరే, అది చూడకుండా అంకె ఒప్పుకోవద్దు.

పాప చదువు ఈ 25 లక్షల్లో కలపనివ్వకండి. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేనప్పుడు ఆమె పోషణ 1956 దత్తత, పోషణ చట్టం కింద వేరే హక్కు.

డాలస్ శ్రీను:
ఇక్కడ టెక్సాస్‌లో మనవాళ్ల విడాకులు దగ్గరగా చూశాను. ఇక్కడి చట్టంలో నెలవారీ భరణం చాలా గట్టిగా పట్టి ఇస్తారు. 10 నుంచి 20 ఏళ్ల కాపురానికి మహా అయితే 5 ఏళ్లు, 20 నుంచి 30 ఏళ్లకు 7 ఏళ్లు, 30 దాటితే 10 ఏళ్లు. వైకల్యం లాంటివి ఉంటే తప్ప అంతకు మించదు. వినగానే ఆడవాళ్లకు అన్యాయం అనిపిస్తుంది. కానీ దానికి ముందు ఆస్తి పంచుతారు. పెళ్లయ్యాక కూడబెట్టింది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అన్నదే మొదటి లెక్క. ఇల్లు, రిటైర్‌మెంట్ డబ్బు, అన్నీ బల్ల మీదకు వస్తాయి. మన దగ్గర ఆ మొదటి మెట్టే లేదు.

అరుంధతి:
శ్రీను గారు అసలు విషయం పట్టుకున్నారు. మన దేశంలో గోవా లాంటి చోట తప్ప పెళ్లితో ఆస్తి ఉమ్మడి అవదు. కాకినాడ ఇల్లు బావగారి పేరు మీద ఉంటే అది బావగారిదే. ఇక అక్కకి మిగిలిన దారి భరణం ఒక్కటే. ఇంట్లో 22 ఏళ్లు పడ్డ కష్టానికి వాటా, ముందు బతుకుకి తిండి, పోయిన ఉద్యోగానికి బదులు, మూడూ ఆ ఒక్క అంకెలోనే పట్టాలి. అలాంటప్పుడు "నెలకు ఎంత ఖర్చవుతుంది?" అని మాత్రమే లెక్క కట్టడం దారుణం. 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భర్త సౌదీలో సంపాదిస్తుంటే ఇల్లు నడిపిన భార్యకు ఆ సంపాదనతో కొన్న ఆస్తుల్లో సమాన వాటా ఉందని తీర్పిచ్చింది. అది అన్ని చోట్లా చట్టం కాలేదు, కానీ న్యాయం అటే ఉంది.

నల్లకుంట:
ఆస్తిలో వాటా ఇవ్వాలంటే దానికి చట్టం చేయమనండి, నేనూ సంతకం పెడతాను. నాలాంటివాడి పెళ్లయ్యాక పోగైన ఆస్తి ఏముంది గనక, పంచినా న్యాయంగానే తేలుతుంది. ఆ చట్టం లేదు కదా అని భరణంలోంచి దాన్ని పిండుకోవడం సరికాదు. అప్పుడు ప్రతి జడ్జి తన మనసులో ఉన్న వాటా తాను వేస్తాడు. ఒకే రకం కేసుకు ఒక ఊళ్లో 15 వేలు, ఇంకో ఊళ్లో 50 వేలు. ఇంకో మాట, ఈ బావగారు ఇంకో ఎనిమిదేళ్లలో రిటైర్ అవుతారనుకుందాం. పెన్షన్ జీతంలో సగం కూడా ఉండదు. అప్పుడు ఆయన ముసలితనం ఎవరు చూస్తారు?

నిజామాబాద్ ఆపా:
ఇది హిందూ చట్టం చర్చ అయినా ఒక మాట చెబుతాను. 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులో, విడాకులు తీసుకున్న ముస్లిం స్త్రీ కూడా అన్ని మతాలవాళ్లకీ వర్తించే మామూలు పోషణ సెక్షన్ (సీఆర్‌పీసీ 125) కింద అడగవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. అందులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 వేస్తే హైకోర్టు 10,000 చేసింది. వచ్చిన తీర్పు గొప్పదే. కానీ మా చిన్నమ్మకి పదేళ్ల కిందట ఆర్డరు వచ్చింది, డబ్బు మూడు నెలలు వచ్చి ఆగిపోయింది. బకాయి కోసం పిటిషను, వారెంటు, అతను రెండు నెలలది కట్టడం, మళ్లీ ఆపడం. బస్సు చార్జీలకే సగం పోయేది. కోనసీమ చెల్లీ, అంకె తగ్గినా ఒకేసారి తీసుకోవడమే మేలని నా మాట.

బెజవాడ వకీలు:
ఆపా గారు చెప్పింది రోజూ చూస్తున్నాం. కానీ బావగారిది బ్యాంకు ఉద్యోగం, జీతం నుంచే జప్తు చేయించవచ్చు. వ్యాపారి అయితే నేనూ ఒకేసారి తీసుకోమనేవాణ్ణి.

నల్లకుంట గారి రిటైర్‌మెంట్ ప్రశ్న న్యాయమైనదే. పరిస్థితి మారితే మొత్తం పెంచమని, తగ్గించమని ఎవరైనా హిందూ వివాహ చట్టం 25(2) సెక్షన్ కింద కోర్టుకు రావచ్చు. అందుకే నెలవారీ ఆర్డర్లలో పెంపు ముందే రాయించుకోవాలి. 2025 మేలో రాఖీ సాధుఖాన్ కేసులో సుప్రీంకోర్టు 20,000ని 50,000 చేసి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచమంది. ఇక ఒప్పందం మీద విడిపోతూ "ఇక ఏ హక్కూ లేదు" అని రాసి ఒకేసారి తీసుకుంటే, తరువాత ధరలు పెరిగాయని తిరిగి రావడం చాలా కష్టం. ఆ ఒక్క వాక్యం ధరే వాళ్లు 25 లక్షలు కడుతున్నారు.

ఇంకా రెండు చూసుకోండి. అక్క మళ్లీ పెళ్లి చేసుకుంటే నెలవారీది రద్దు చేయమని అడగవచ్చు. నెలవారీది ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది, ఒకేసారి వచ్చే మొత్తాన్ని సాధారణంగా ఆదాయంగా చూడరు. మధ్యే మార్గం కూడా ఉంది: కొంత మొత్తం ఇప్పుడు, మిగతాది నెలనెలా, దానికి భద్రతగా కాకినాడ ఇంటి మీద చార్జి, అంటే డబ్బు కట్టకపోతే ఆ ఇంటి మీద రాబట్టుకునే హక్కు. అలా పెట్టడానికి 25వ సెక్షన్‌లోనే వీలుంది.

కోనసీమ చెల్లెలు:
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి అక్క చేత నెల ఖర్చు రాయించాను. పాలు, గ్యాస్ బండ, కరెంటు, అద్దె, బీపీ మాత్రలు అని రాసుకుంటూ పోయి ఆగిపోయింది. "బట్టలు" అని రాసి కొట్టేసింది. ఎందుకే అంటే "అడిగితే బాగుండదు" అంది. వకీలు గారు చెప్పిన కాపురంలో ఉన్నప్పటి జీవన స్థాయి మాట చెప్పి నేనే మళ్లీ రాయించాను. ట్రంకు పెట్టెలో 2003 నాటి అపాయింట్‌మెంట్ ఆర్డరు దొరికింది.

ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. 40 లక్షలు ఇప్పుడు, నెలకు 20,000 పెంపుతో, ఇంటి మీద చార్జి అని అడుగుదామనుకుంటున్నాం. పాప ఫీజులు వేరే. మూడేళ్ల పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు తెమ్మని బావకి మెసేజ్ పెట్టాను.

నల్లకుంట:
ఈ అంకె నాకు ఎక్కువగా అనిపించడం లేదు. కానీ పెంపు మాత్రం రిటైర్‌మెంట్ దాకానే రాయండి, తరువాత పెన్షన్‌ని బట్టి మళ్లీ మాట్లాడుకోవాలని పెట్టండి. లేకపోతే వాళ్లు ఆ ఒక్క పాయింటు మీదే లేచిపోతారు.

అరుంధతి:
రిటైర్‌మెంట్ రోజు ఆయనకి గ్రాట్యుటీ, లీవు డబ్బు కూడా వస్తాయి. పెన్షన్ తగ్గుతుందని రాయించుకునేవాళ్లు ఆ మొత్తం సంగతి కూడా అదే పేరాలో రాయాలి. పే స్లిప్పులతో పాటు ఆ లెక్క కూడా తెమ్మని ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టండి.