మేం హిందువులం, నా పేరు దస్తగిరి. ఈ పేరు అసలెక్కడిది?

కుందూగట్టు: మాది నంద్యాల పక్కన పల్లె. ఊర్లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు, నా క్లాసులోనే ముగ్గురం దస్తగిరిలం ఉండేవాళ్ళం. హైదరాబాద్ వచ్చాక మొదలైంది తిప్పలు, అద్దె ఇంటికి వెళ్తే పేరు విని ఒకటి అడుగుతారు, నుదుట బొట్టు చూసి ఇంకొకటి అడుగుతారు. శేషగిరి లాగా ఇదీ ఏదో కొండ పేరేనని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చా. ఆ కొండ ఎక్కడుందో తెలిస్తే చెప్పండి, పోయి చూసొస్తా.

స్టాంపు కాగితం: కొండ లేదు, గిండ లేదు బ్రదర్. ఫారసీలో దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. కష్టంలో చెయ్యి పట్టుకునేవాడు అని. 1166లో బాగ్దాద్‌లో కన్నుమూసిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని అలా పిలుస్తారు. నేను రోజూ రాసే దస్తావేజులో ఉన్నదీ ఆ దస్తే.

పెన్నా నీళ్ళు: మా నెల్లూరు వైపు మస్తాన్‌లు ఎక్కువ, కసుమూరు మస్తాన్ వలీ దర్గా మహిమ. మా పెద్దమ్మ పిల్లల కోసం తిరుపతికీ మొక్కింది, కసుమూరుకీ మొక్కింది. పుట్టాక ఎవరిచ్చారో తేల్చుకోలేక వెంకట మస్తానయ్య అని పెట్టేసింది.

మంజీర: మా నాన్న పేరు పెంటయ్య. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని ఆయన్ని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన పిల్లాణ్ణి తెచ్చుకున్నట్టు ఇంట్లోకి తెచ్చుకున్నారట. అలాంటి పేరున్నవాణ్ణి చావు కూడా ముట్టదని నమ్మకం. పుల్లయ్యా అంతే, పుల్లాకు అంటే తిని పారేసిన విస్తరాకు. కాలేజీలో తండ్రి పేరు రాయాల్సిన చోటల్లా సిగ్గుపడి ఉత్త పి. అని రాసేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ఆయనకి 78, ఇంకా పొలం పోతాడు.

స్టాంపు కాగితం: అక్కా, అది చావుని ఏమార్చే పేరు, దస్తగిరి మొక్కు పేరు. రెండూ ఒకటి కాదు.

మంజీర: పిల్లలు పోయిన తల్లికి రెండూ ఒకటే తమ్ముడూ.

కుందూగట్టు: ఇప్పుడే అవ్వకు ఫోన్ చేశా. నాకు ముందు ఇద్దరు పోయారట, ఆ సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. బిడ్డ బతికితే ఆ పేరు పెట్టి, చక్కెర పెట్టి ప్రార్థన చదివిస్తామని మా ఊరి దర్గాలో మొక్కుకున్నారట. "పేరు పెట్టినాం గానీ చక్కెర సంగతి మర్చిపోయినాం రా" అంటోంది. నాకు 31 ఏళ్ళు. ఆదివారం ఊరికి పోతున్నా, ఎన్ని కిలోలు తీసుకుపోవాలో చెప్పండి.