ఎస్‌ఎం58తో కథల రికార్డింగ్: ఈక్యూ ఎంత తిప్పినా గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టే ఉంది

కథలమూట, మియాపూర్

తెలుగు కథలు చదివి ఆడియోగా పెట్టడానికి సెటప్ చేసుకున్నాను. షూర్ ఎస్‌ఎం58 మైక్, దాన్ని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్. గది 10 అడుగులకు 11, కింద టైల్స్, ఒక పక్క అద్దాల కిటికీ. మైక్ టేబుల్ మీద చిన్న స్టాండ్‌కి ఉంది, నోటికి జానెడు దూరం. గేన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే నాబ్) దాదాపు చివరిదాకా తిప్పితే గానీ లెవెల్ రావట్లేదు. మగ గొంతు, మరీ బేస్ కాదు.

ఒక వీడియోలో చూసి రీపర్‌లోని ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే) ప్లగిన్ రియాఈక్యూలో ఇలా పెట్టాను: 100 హెర్ట్జ్ దగ్గర +6 డీబీ, 3 కిలోహెర్ట్జ్ దగ్గర +3, 10 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ (అక్కడి నుంచి పైదంతా) +8. హెడ్‌ఫోన్స్‌లో వింటే బొంగురుగా ఉంది, ఫోన్‌లో వింటే మాట తేటగా లేదు. స, శ వచ్చిన చోటల్లా ఈల. వెనకాల ఎప్పుడూ సన్నగా 'స్స్' అని హిస్. ఈ మైక్‌కి సరైన ఈక్యూ సెట్టింగ్ ఏది?

---

శ్రుతిబాక్స్

ముందు ఆ మూడు బ్యాండ్లూ సున్నాకి తెచ్చేయండి. మీరు ఈక్యూతో సరిచేయాలని చూస్తున్నది మైక్ దూరం తెచ్చిన తంటా.

జానెడంటే 9 అంగుళాలు. అంత దూరంలో ఎస్‌ఎం58 మీ గొంతుతో పాటు గదిని కూడా బాగా పడుతుంది, గొంతులో బరువూ ఉండదు. ఆ బరువు కోసం మీరు 100 దగ్గర లేపారు. అక్కడ లేచింది గొంతొక్కటే కాదు, గది గుమ్ము కూడా. నాలుగు వేళ్ళ దూరానికి, అంటే 3 అంగుళాలకి రండి. దూరం మూడో వంతు అయింది కాబట్టి గొంతు లెవెల్ సుమారు 9.5 డీబీ పెరుగుతుంది. గేన్ అంతే తగ్గించుకోవచ్చు, దాంతో పాటే హిస్సూ గది మోతా కూడా దిగిపోతాయి. ఇంత లాభం ఏ ఈక్యూ ప్లగిన్‌తోనూ రాదు.

మైక్‌ని మూతికి ఎదురుగా కాకుండా నోటి మూలకి కొంచెం పక్కగా పెట్టి, 30 నుంచి 45 డిగ్రీలు వంచి నోటివైపు తిప్పండి. ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి గ్రిల్ మీద పడకుండా పక్కనుంచి పోవాలి. పైన ఫోమ్ తొడుగు వేయండి. చదివేటప్పుడు పీక్స్ -12, -8 డీబీ మధ్య ఆడేలా గేన్ పెట్టండి. గట్టిగా అరిచే డైలాగ్ ఉన్నా -6 దాటకూడదు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే అంతకన్నా పైకి తోయాల్సిన పనే లేదు.

దగ్గరికి వస్తే ఇంకొకటి జరుగుతుంది. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దమే ఎక్కువగా పట్టే) మైక్ ఏదైనా నోటికి దగ్గరయ్యేకొద్దీ కింది స్వరాలు ఉబ్బుతాయి, ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటే అదే. అది లెక్కలో పెట్టుకునే ఎస్‌ఎం58ని తయారీలోనే 100 హెర్ట్జ్ కిందికి వంగేలా చేశారు. కాబట్టి బేస్ పెంచే పని ఇక లేదు, తగ్గించే పనే ఉంటుంది.

ఇప్పుడు ఈక్యూ. మొదటి బ్యాండ్ హై పాస్ (ఇచ్చిన అంకె కిందిదంతా కోసేది), 80 హెర్ట్జ్. ఆడ గొంతైతే 100 నుంచి 120. రియాఈక్యూలో బ్యాండ్ వెడల్పు క్యూ బదులు బ్యాండ్‌విడ్త్‌గా, ఆక్టేవ్‌లలో ఉంటుంది, హై పాస్‌కి దాన్ని 2 దగ్గరే ఉంచండి. 0.5కి దించితే కోత పదునవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి 80 దగ్గర ఒక గూను లేస్తుంది, తీసేయాలనుకున్న గుమ్ము అక్కడే పెరుగుతుంది. కోత చాలకపోతే ఇంకో హై పాస్ బ్యాండ్ జోడించండి. కానీ మగ గొంతు మూల స్వరం ఎక్కువమందికి 85 నుంచి 155 మధ్యలో ఉంటుంది, 120 దగ్గర నిలువునా కోస్తే గొంతు సన్నబడుతుంది.

రెండోది 200 నుంచి 350 మధ్య. బొంగురు ఇక్కడే కూర్చుంటుంది. బ్యాండ్‌విడ్త్ 1.5, -3 డీబీతో మొదలుపెట్టి 200 నుంచి మెల్లగా పైకి జరపండి. 'అమ్మ', 'ఊరు', 'గోడ' లాంటి మాటలు ఎక్కడ విడివిడిగా వినిపిస్తే అక్కడ ఆపండి. +10 పెంచి వెతికే పద్ధతి వీడియోల్లో చూపిస్తారు, జాగ్రత్త. అంత పెంచితే ఏ ఫ్రీక్వెన్సీ అయినా చెవికి చెడ్డగానే తోస్తుంది. అలా దొరికిన ప్రతిచోటా కోసుకుంటూ పోతే చివరికి గొంతే మిగలదు. మొత్తం మీద -5 కంటే ఎక్కువ కోయాల్సి వస్తే మళ్ళీ మైక్ దగ్గరికి వెళ్ళండి.

మూడోది 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర +2, బ్యాండ్‌విడ్త్ 1. ఇది అవసరమైతేనే. ఈ మైక్ 2 కిలోహెర్ట్జ్ దాటాక సహజంగానే కొంచెం లేస్తుంది. 10 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ మాత్రం పూర్తిగా తీసేయండి. షూర్ ఇచ్చిన స్పెక్ 15 కిలోహెర్ట్జ్ వరకే. ఆ పైన +8 పెడితే లేచేది ఇంటర్‌ఫేస్‌లోని ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) హిస్సే. మీరు చెప్పిన 'స్స్'లో ఎక్కువ భాగం అదే.

---

కోఠీ_కేబుల్

పైన అన్న చెప్పింది కరెక్టే. కానీ అసలు టేబుల్ సంగతి అడుగలేదు.

టేబుల్ మీద మైక్ పెడితే గొంతు రెండు దారుల్ల వస్తది, ఒకటి నేరుగా, ఇంకోటి టేబుల్‌కి కొట్టుకొని. రెండో దారి 30 సెంటీమీటర్లు ఎక్కువున్నదనుకో, సుమారు 570 హెర్ట్జ్ దగ్గర ఒక గుంత పడ్తది, మళ్ళ 1,700 దగ్గర ఇంకోటి, అట్ల పైకి పోతనే ఉంటది. డబ్బా సౌండ్ అంటే సగం ఇదే. ఈక్యూతో ఆ గుంతల్ని పూడ్చలేవు, ఎందుకంటే తల కొంచెం కదిలితే గుంతలు కూడా జరుగుతయ్. మైక్‌ని బూమ్ ఆర్మ్‌కి ఎక్కియ్యి. అది లేకుంటే టేబుల్ మీద మందపాటి టవల్ రెండు మడతలేసి పరువు.

నీ వెనకాల గోడకి బొంతనో రజాయినో వేలాడదియ్యి. మైక్ వెనక వైపు కాదు, నీ వీపు వైపు. కార్డియాయిడ్‌కి వెనక చెవి మందం, ముందల ఉన్నదే వింటది. దాని ముందలున్నది నువ్వూ, నీ వెనక గోడా. సన్నటి గుడ్ల ట్రే ఫోమ్ కొనకు, అది 1 కిలోహెర్ట్జ్ పైననే పనిజేస్తది, నీకు కావాల్సింది కింద.

ఇంకొకటి. ఇంటర్‌ఫేస్ వదిలేసి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్‌కుండే మూడు పిన్నుల కనెక్టర్) నుంచి 3.5 ఎంఎం జాక్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టే ఆలోచనుంటే మానుకో. కోఠీ గుజరాతీ గల్లీల అలాంటివి బోలెడు దొరుకుతయ్. కొన్నిట్ల 2వ పిన్ను ఎడమకి, 3వ పిన్ను కుడికి కలిపి ఉంటది. హెడ్‌ఫోన్స్‌ల మంచిగనే వినవడ్తది. ఆ రెండు పిన్నుల సిగ్నల్ ఒకదానికొకటి ఉల్టా ఉంటది, అందుకే ఒక్క స్పీకరున్న ఫోన్‌ల రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటయ్, గొంతు మాయమైతది.

---

కథలమూట, మియాపూర్

దూరం తగ్గించి, టవల్ పరిచి, పాత ఈక్యూ తీసేసి చూశాను. గేన్ బాగా తగ్గింది, హిస్ దాదాపు లేదు. 260 దగ్గర -3 నాకు కుదిరింది. రెండు సందేహాలు మిగిలాయి. స మాత్రం ఇంకా గుచ్చుతోంది. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే 'గుయ్' అని వస్తోంది. దాన్ని నాచ్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీనే సన్నగా కోసే ఫిల్టర్) తీసేయొచ్చా? కంప్రెసర్ (గట్టి చోట్ల లెవెల్ తగ్గించేది) ఈక్యూకి ముందా, తర్వాతా?

---

తెరవెనక_ఎడిటర్

నాచ్ వద్దండీ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్క 50 అయితే మీ 80 హై పాస్ చాలావరకు దించేస్తుంది. చార్జర్ గుయ్ 100, 150, 200 అంటూ మెట్లు మెట్లుగా పైకి పోతుంది. అన్ని మెట్లూ కోస్తే మధ్యలో గొంతే తెగుతుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేయండి. కుదరదంటే ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి, ఆ సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఫ్లాట్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది.

స విషయానికొస్తే, దాని పదును ఎక్కువగా 6 నుంచి 8 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, శ, ష కొంచెం కింద, 3 నుంచి 5లో. ఈక్యూతో 7 దగ్గర శాశ్వతంగా కోస్తే కథంతా మందంగా అయిపోతుంది. స వచ్చినప్పుడు మాత్రమే నొక్కే డీ-ఎస్సర్ వాడండి. విడిగా లేకపోతే రీపర్‌లోని బ్యాండ్ల కంప్రెసర్ రియాఎక్స్‌కాంప్‌లో 5.5 నుంచి 9 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ఒక్క బ్యాండే పనిచేసేలా ఉంచి, రేషియో 4, అటాక్ 1 మిల్లీసెకను, రిలీజ్ 50 పెట్టండి. స దగ్గర 3, 4 డీబీ తగ్గితే చాలు. 8 దాకా నొక్కితే 'సీసా' కాస్తా 'థీథా'లా వినిపిస్తుంది. పరీక్షకి 'సాయంత్రం సంతలో సీసాలు' అని మామూలు గొంతుతో చదివి చూడండి.

వరుస ఇలా పెడతాను: హై పాస్, కోత ఈక్యూ, కంప్రెసర్, డీ-ఎస్సర్, ఆ తర్వాత ఆ +2 బూస్ట్, చివర లిమిటర్ (లెవెల్ పరిమితి దాటకుండా ఆపేది). కోత ముందుండాలి. లేకపోతే బొంగురు వచ్చినప్పుడల్లా కంప్రెసర్ మొత్తం గొంతుని కిందికి లాగుతుంది. రేషియో 3, అటాక్ 10, రిలీజ్ 100, బిగ్గరగా చదివే చోట 4 నుంచి 6 డీబీ తగ్గింపు. అయితే తగ్గిన లెవెల్‌ని తిరిగి పెంచే మేకప్ గేన్ 6 ఇస్తే ఫ్యాన్ మోత కూడా 6 లేస్తుంది. ఎండాకాలంలో ఎంత ఉక్కగా ఉన్నా చదివే పది నిమిషాలు ఫ్యాన్ కట్టేయాల్సిందే. ఫ్యాన్ గాలి నేరుగా మైక్‌కి తగిలితే వచ్చే డుబడుబ 80 పైకి కూడా పాకుతుంది.

---

శ్రుతిబాక్స్

ఆ వరుసే నాది కూడా. ఒక్కచోట తేడా: కథలు గంటల తరబడి వింటారు కాబట్టి 3.5 దగ్గర ఆ +2 నేను పెట్టను, చెవి అలిసిపోతుంది. చిన్న ప్రకటనలకైతే సరే.

ఫోన్ స్పీకర్‌లో 200 కింద దాదాపు ఏమీ రాదు, అందుకే బేస్ నిర్ణయాలు హెడ్‌ఫోన్స్‌లో, మాట తేట ఫోన్‌లో చూసుకోండి. పోల్చేటప్పుడు ఈక్యూ ఆన్, ఆఫ్ రెండిటి లెవెల్ ఒకటే ఉండాలి. ఒక్క డీబీ గట్టిగా ఉన్నా ఆన్ చేసిందే బాగుందని చెవి చెబుతుంది. రియాఈక్యూ కుడి పక్క గేన్ స్లైడర్ ఉన్నది దానికే.