ఎనిమిది వేయడానికి ఏ బండి? బావగారి పల్సరా, వీధి చివరి స్ప్లెండరా?

కొర్లగుంట కొత్తచేయి
అందరికీ నమస్కారం. నాకు గేరు లేని బండి లైసెన్సు ఉంది, ఏడేళ్లుగా స్కూటరే నడుపుతున్నాను. ఇప్పుడు ఉద్యోగం మారింది. చంద్రగిరి, పాకాల వైపు పల్లెలు తిరగాలి. ఆఫీసు వాళ్లు గేరు బండి ఇస్తారు కానీ గేరు లైసెన్సు చూపిస్తేనే ఇస్తారట. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారి లైసెన్సు) వచ్చి పది రోజులైంది. టెస్టులో కాలు కింద పెట్టకుండా ఎనిమిది ఆకారంలో బండి తిప్పాలి. నా ఎత్తు సరిగ్గా ఐదడుగులు.

నా ముందు మూడు దారులు ఉన్నాయి. బావగారి పల్సర్ 150 ఊరికే దొరుకుతుంది. మా వీధి చివర ఒకాయన 2014 స్ప్లెండర్ అమ్ముతున్నారు, దానికి సెల్ఫ్ లేదు, కిక్కరే. లేదా డ్రైవింగ్ స్కూల్లో చేరి వాళ్ల బండి మీదే నేర్చుకుని వాళ్ల బండి మీదే టెస్టుకు వెళ్లాలి. పల్సర్ మీద కూర్చుంటే మునివేళ్లు మాత్రమే ఆనుతున్నాయి. బావగారేమో "బండి కదిలాక కాళ్లతో పనేముంది" అంటున్నారు. మీరేమంటారు?

కట్టమంచి కుర్రాడు
అక్కా, ఏ బండైనా తీసుకోండి కానీ నేర్చుకున్న బండి మీదే టెస్టుకు వెళ్లండి. నేను ఈ ఒక్క ముక్క తెలియక తప్పాను.

మా స్నేహితుడి పల్సర్ మీద కాణిపాకం రోడ్డు పక్కన ఖాళీ లేఅవుట్‌లో నెల రోజులు నేర్చుకున్నాను. ఎనిమిది కళ్లు మూసుకుని వేసేవాణ్ని. టెస్టు రోజుకు వాడు బెంగళూరు వెళ్లిపోయాడు. నాన్న స్ప్లెండర్ తీసుకుని చిత్తూరు ఆఫీసుకు వెళ్లాను. పల్సర్‌లో మొదటి గేరు కిందికి తొక్కాలి, రెండోది కాలి వేళ్లతో పైకి ఎత్తాలి. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకు తొక్కడమే. నాకు ఈ తేడా తెలుసు, కానీ నా కాలికి తెలియదు. బండి బాగానే కదిలింది. ట్రాక్ దాకా ఉన్న ఆ పది గజాల్లో అలవాటుగా వేళ్లతో పైకి ఎత్తాను. మొదటి గేరు కాస్తా న్యూట్రల్ అయింది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను ఊరంతా వినిపించేలా అరిచింది, బండి మాత్రం ముందుకు పోలేదు. ఎనిమిది మొదలయ్యే చోటే ఎడమ వైపుకు ఒరిగి కాలు పెట్టేశాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తల కూడా ఎత్తలేదు, "తరువాత ఎవరు" అన్నారు, అంతే.

పాత బుల్లెట్టు
ఈ కాలం పిల్లలకు ఎడమ కాలి గేరులోనే ఇంత తికమకా! మేము నేర్చుకున్న బుల్లెట్టుకు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. 1986లో యూనివర్సిటీ మైదానంలో మా మామయ్య వెనక కూర్చుని వీపు మీద చరుస్తూ నేర్పించాడు. అమ్మా, నా మాట వినండి, పల్సర్ మీదే నేర్చుకోండి. బరువైన బండి లొంగితే తేలిక బండి దానంతట అదే లొంగుతుంది. చిన్న బండి మీద మొదలుపెట్టిన వారికి పెద్ద బండి భయం జన్మలో పోదు.

టేపు కొలత
బుల్లెట్టు గారూ, మీ మామయ్య వెనక కూర్చున్నారు కాబట్టి బండి ఒరిగితే ఆయన కాళ్లు ఉన్నాయి. టెస్టులో వెనక ఎవరూ ఉండరు కదండీ.

ఒక విచిత్రం చెబుతాను. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. పల్సర్ 150 సీటు ఎత్తూ 785 మిల్లీమీటర్లే. కాగితం మీద ఒక్క గీత తేడా లేదు. అయినా ఐదడుగుల మనిషికి ఒకదాని మీద పాదం ఆనుతుంది, రెండోదాని మీద ఆనదు. పల్సర్ ట్యాంకు, సీటు వెడల్పు ఎక్కువ కాబట్టి తొడలు పక్కకు విడిపోతాయి, కాలి పొడవు అక్కడే ఖర్చయిపోతుంది. బరువు చూస్తే స్ప్లెండర్ 112 కిలోల దగ్గర, పల్సర్ 150 కిలోలకు కాస్త అటూ ఇటూ. పైగా స్ప్లెండర్ రెండు చక్రాల మధ్య దూరం 1236 మిల్లీమీటర్లే, పల్సర్‌ది 1320. చక్రాలు దగ్గరగా ఉన్న బండి ఇరుకు మలుపులో సులభంగా తిరుగుతుంది. ఎనిమిదిలో ఉన్నదంతా ఇరుకు మలుపే.

శ్రీకాళహస్తి అక్క
నేను ముప్పై ఎనిమిదో ఏట గేరు బండి నేర్చుకున్నాను, ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉంది అనుకుంటున్నాను.

మొదట మా తమ్ముడి పెద్ద బండి మీద మొదలుపెట్టాను. రెండో రోజు యూటర్న్‌లో, కదలని బండి, ఊరికే నిలబడి ఉన్నది, నెమ్మదిగా కుడి పక్కకు వాలిపోయింది. వాలుతోందని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోయాను. సైలెన్సర్ పిక్కకు తగిలి రూపాయి బిళ్లంత మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. భయం పోవడం సంగతి దేవుడెరుగు, నెల రోజులు బండి పేరు ఎత్తలేదు. తరువాత షైన్ 100 కొన్నాం. అది 99 కిలోలే. ఒరిగినా మోకాలితో ఆపుకోగలిగాను.

చెల్లీ, ఆ స్ప్లెండర్ చూడటానికి వెళ్లేటప్పుడు టెస్టుకు వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్లు. మడమ ఎత్తు చెప్పులతో చూసి, షూతో టెస్టుకు వెళితే లెక్క తప్పుతుంది. ఇంజను ఆపి ఉండగానే బండిని పక్కకు వంచి చూడు, ఎంత దాకా వంచినా నిలబెట్టగలుగుతున్నావో నీకే తెలుస్తుంది. చున్నీ మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్లు.

ఫారాలు చదివేవాడు
బండి ఎంపికకు ముందు కాగితాల సంగతి. టెస్టుకు ఏ రకం బండి తెస్తే ఆ రకానికే లైసెన్సు. ఎక్స్ఎల్ (గేర్లు లేని మోపెడ్) తెచ్చినా, ఎలక్ట్రిక్ స్కూటర్ తెచ్చినా గేరు లైసెన్సు రాదు. మా ఊళ్లో దామలచెరువు మార్కెట్‌కు ఎక్స్ఎల్ మీద మామిడి గంపలు వేసుకెళ్లే ఒక పెద్దాయన, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా గేరు టెస్టుకు అదే బండి తెచ్చి వెనక్కి వెళ్లారు. గేరు లైసెన్సు వచ్చాక గేరు లేని బండీ నడపవచ్చు, కాబట్టి అది ఒక్కటి ఉంటే చాలు.

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తరువాతే టెస్టు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర రంగుతో ఎల్ అక్షరం ఉండాలి, నేర్పేవారు తప్ప వెనక ఇంకెవరూ కూర్చోకూడదు. టెస్టుకు తెచ్చే బండి ఎవరిదైనా ఫరవాలేదు కానీ సి-బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ మూడూ చెల్లుబాటులో ఉండాలి. పాత బండి కొనేవారు ఎక్కువగా తప్పేది ఇన్సూరెన్సు దగ్గరే. టెస్టు తప్పితే వారం ఆగాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు.

కొర్లగుంట కొత్తచేయి
అందరికీ కృతజ్ఞతలు. డ్రైవింగ్ స్కూల్లో అడిగి వచ్చాను. ఉన్న ఒక్క గేరు బండీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిమంది చేతులు మారుతుంది, రోజుకు ఒక్కొక్కరికి అరగంట. టెస్టు రోజు ఆ బండే ఇస్తామని మాట మాత్రం ఇవ్వలేదు. కట్టమంచి తమ్ముడి కథ చదివాక ఆ ఆశ వదిలేశాను.

స్ప్లెండర్ మీద కూర్చుని చూశాను. ఒక పాదం పూర్తిగా ఆనింది, రెండోది సగం. కాగితాలు అడిగితే ఇన్సూరెన్సు రెండు నెలల క్రితమే అయిపోయిందని తేలింది. ఆయన కట్టించి ఇస్తానన్నారు. పాత బండి కదా, ఇంకేం చూడాలి?

షెడ్డు బాబాయి
నలభై ఏళ్లుగా రేణిగుంట రోడ్డులో షెడ్డు నడుపుతున్నాను, ఆ మోడల్ బండ్లు వందల్లో విప్పాను. 2014 అంటే కార్బురేటర్ బండి. నేర్చుకునేవారికి అది ఒక రకంగా మేలే. ఐడిల్ స్క్రూ అర చుట్టు తిప్పితే, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా మొదటి గేరులో మనిషి నడకలా పోతుంది. ఇప్పుడు వచ్చే ఇంజెక్షన్ బండ్లలో మనం తిప్పడానికి స్క్రూ ఉండదు.

చైను చూడమ్మా. వదులుగా ఉంటే, నెమ్మదిగా పోయేటప్పుడు బండి ఎక్కిళ్లు పెట్టినట్టు కుదుపుతుంది. నేర్చుకునేవారు అది తమ తప్పే అనుకుంటారు. క్లచ్ లీవరు చివర ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు వదులు ఉండాలి. అసలు వదులు లేకపోతే క్లచ్ పళ్లాలు అరిగి వాసన వస్తుంది, మరీ ఉంటే గేరు గట్టిగా పడుతుంది. ముందు టైరులో గాలి తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఎన్ లైటు (న్యూట్రల్ దీపం) వెలుగుతోందో లేదో కూడా చూసుకో. చాలామంది దాన్ని లెక్కచేయరు.

ఎనిమిదిలో ముందు బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టావా, బండి అక్కడే కూలబడుతుంది. హాఫ్ క్లచ్ (లీవరు సగం పట్టి ఉంచడం), వెనక బ్రేకు మీద పాదం బరువు, అంతే.

కట్టమంచి కుర్రాడు
బాబాయ్, కొత్త బండ్లలో వెనక బ్రేకు తొక్కితే ముందుదీ కొంచెం పడుతుంది కదా? వాటి సంగతేమిటి?

షెడ్డు బాబాయి
2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లలో ఆ ఏర్పాటు తప్పనిసరి చేశారు నాయనా. ముందు చక్రానికి పడేది కొద్దిగానే. పాదం మెల్లగా ఆనించేవారికి ఇబ్బంది లేదు, ఎగిరి తొక్కేవారికి ఏ బండైనా ఇబ్బందే.

పాత బుల్లెట్టు
సరే, ఓటు వేస్తే నేను ఓడిపోయేట్టున్నాను. అయినా ఒక మాట. ఆఫీసు వాళ్లు ఇచ్చే బండి ఏమిటో ముందు కనుక్కోండి. స్ప్లెండర్ మీద లైసెన్సు తెచ్చుకుని, వాళ్లు పల్సర్ ఇస్తే కట్టమంచి కథ పాకాల రోడ్డు మీద మొదలవుతుంది.

టేపు కొలత
ఇది మాత్రం బుల్లెట్టు గారు బంగారం లాంటి మాట చెప్పారు. నాకు తట్టలేదు.

కొర్లగుంట కొత్తచేయి
కనుక్కున్నాను, ఇచ్చేది హెచ్ఎఫ్ డీలక్స్. గేర్లు స్ప్లెండర్ లాగే నాలుగూ ముందుకు తొక్కడమేనట. ఇక ఆలోచించలేదు, స్ప్లెండర్ కొనేశాను.

సాధన సంగతి. కరకంబాడి రోడ్డు వైపు ఇంకా ఇళ్లు లేని ఒక లేఅవుట్‌లోకి పొద్దున ఆరింటికి అమ్మతో కలిసి వెళుతున్నాను. మొదటి రోజు రాళ్లు పెట్టాను. రాయి మీదికి చక్రం ఎక్కితే జారుతోంది. రెండో రోజు అమ్మ ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. ధనుర్మాసంలో వాకిలి నిండా ముగ్గు వేసే చెయ్యి కదా, చుక్క పెట్టకుండా ఒక్క ఊపులో ఎనిమిది గీసేసింది. నేను దాని మీద పోతే గీత చెరిగిపోతుంది, ఎక్కడ చెరిగిందో చూస్తే ఎక్కడ తప్పానో తెలిసిపోతుంది. రెండు సున్నాలు కలిసే చోటే ఎప్పుడూ చెరుగుతోంది. అక్కడ చక్రం వైపు చూస్తున్నాను, అందుకే.

శ్రీకాళహస్తి అక్క
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. చూపు అవతలి సున్నా అంచు మీద పెట్టు, చక్రాన్ని దాని మానాన వదిలెయ్యి. నాకు మూడు రోజులు పట్టింది అది అలవాటు కావడానికి.

కొర్లగుంట కొత్తచేయి
ఇంకో ప్రశ్న. లైసెన్సు రాగానే బండికి పూజ చేయించడానికి కొండకు దీని మీదే పోదామని అమ్మ అంటోంది. పోవచ్చా?

పాత బుల్లెట్టు
కపిలతీర్థంలో చేయించండి తల్లీ. మొదటి నెలలో ఘాట్ రోడ్డు వద్దు. ఎక్కడం కాదు కష్టం, దిగడం. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజను పట్టుతో దిగాలి. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే అలిపిరి వచ్చేసరికి డ్రమ్ము కాలిపోతూ ఉంటుంది.

కొర్లగుంట కొత్తచేయి
ఇవాళ టెస్టు అయింది. పాసయ్యాను!

నా ముందు ఏడుగురు. అందులో ముగ్గురు కాలు పెట్టారు, ముగ్గురివీ పెద్ద బండ్లే. బుల్లెట్టు గారికి ఇది చెప్పాలనిపించింది, క్షమించాలి. ఎనిమిది మాత్రం బాగా వచ్చింది. కలిసే చోట కూడా చెదరలేదు, అక్కడ ముగ్గుపిండి లేకపోయినా నాకు కనిపించింది. అయితే గీత దగ్గర ఆపమన్నాక, న్యూట్రల్ చేసి దిగమన్నారు. న్యూట్రల్ పడిందో లేదో తెలియడం లేదు. పదకొండు గంటల ఎండ, ఎన్ లైటు వైపు చూస్తే ఏమీ కనిపించడం లేదు. చెయ్యి అడ్డం పెట్టి చూశాను, అయినా లేదు. క్లచ్ వదలాలంటే భయం. లీవరు పట్టుకుని నిలుచుండిపోయాను, వెనక క్యూ అంతా నన్నే చూస్తోంది. చివరికి ఇన్‌స్పెక్టర్ గారే వచ్చి బండిని ఒక అడుగు ముందుకు నెట్టి, "పడిందమ్మా, దిగు" అన్నారు.

షెడ్డు బాబాయి
ఎండ కాదమ్మా, బల్బు పోయింది. చెప్పాను కదా, చూసుకోమని. రేపు షెడ్డుకు తీసుకురా, ఐదు నిమిషాల పని.