సీక్వెన్సర్‌లో బిలహరి రాగం పెడితే మోహనం పలుకుతోంది, డైరెక్షన్ ఎలా వాడాలి?

విజినగరం_కీస్:
అన్నలూ, మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. నొవేషన్ సర్క్యూట్ ట్రాక్స్ అనే సీక్వెన్సర్ (మనం పెట్టిన స్వరాల్ని, దెబ్బల్ని తిప్పి తిప్పి వాయించే మెషీన్) కొన్నాను. డ్రమ్ ట్రాకులో తప్పెటగుళ్ళ శాంపిల్‌తో 16 స్టెప్పుల (గడుల) లూపు, సింథ్‌లో బిలహరి ఆరోహణ (ఎక్కే వరస): స రి గ ప ద స. ఎంతసేపూ ముందుకే తిరుగుతుంటే బోరు కొట్టి డైరెక్షన్ పింగ్‌పాంగ్ (చివరిదాకా వెళ్ళి, అవే స్టెప్పుల మీద వెనక్కి రావడం) పెట్టాను. మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మా పిన్ని విని "మోహనం బాగుందిరా" అనేసింది! రాండమ్ (స్టెప్పులు ఏ వరసలో పడితే ఆ వరసలో) పెడితే మరీ ఘోరం, మెట్ల మీద గిన్నెలు దొర్లినట్టుంది. పైగా తప్పెట్లూ స్వరాలూ ఎక్కడా కలవట్లేదు. ఏం చెయ్యాలి?

బొబ్బిలి_బీట్:
రాండమ్ తీసెయ్ బ్రో. ఫార్వర్డ్‌లోనే ఉంచి, స్టెప్పులన్నిటికీ ప్రాబబిలిటీ (ఆ స్టెప్పు పలికే అవకాశం, శాతంలో) 50 కొట్టు. అయిపోయె.

ఏడురోడ్ల_మావ:
అన్నిటికీ 50 పెడితే షడ్జమం (స) కూడా సగం సార్లు ఎగిరిపోతాది కదా బాబూ, ఇంక పట్టుకోడానికి ఏటుంటాది?

కీస్ తమ్ముడూ, మీ పిన్నిగారి చెవికి దండం. ఆదిభట్ల నారాయణదాసుగారు 1919లో మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ మరి. బిలహరి ఎక్కేటప్పుడు మ, ని ఉండవు, దిగేటప్పుడే వస్తాయి. ఎక్కిన మెట్లే మెషీన్ వెనక్కి దిగితే స ద ప గ రి స, అచ్చంగా మోహనం. పింగ్‌పాంగ్‌కి అవరోహణ (దిగే వరస) వేరని తెలీదు. అంచేత డైరెక్షన్ ఫార్వర్డ్‌లో వదిలేసి, దిగడం కూడా నువ్వే రాసుకో:

స , రి గ ప , ద , | స ని ద ప మ గ రి ,

కామా అంటే ఖాళీ స్టెప్పు. మొత్తం 16, నీ తప్పెట్ల లూపుతో సరిగ్గా కూర్చుంటాది. నీ ఆరు స్టెప్పులు పదహారుతో తొందరగా కలవవు.

ఇప్పుడు ప్రాబబిలిటీ. రెండు స లూ, ప లూ 100లోనే ఉంచు. రి, ద లకి 75 ఇయ్యి, ఒకటో అరో పోయినా నష్టం లేదు. అసలు మజా మ, ని ల దగ్గరుంది. రెంటికీ 50 పెడితే, రెండూ ఒకేసారి మాయమయ్యేది సగటున నాలుగు ఆవర్తాల్లో ఒకసారి. అప్పుడు మోహనం వినిపించి, మళ్ళీ బిలహరికి వచ్చేస్తాది. నాకైతే ఇలగే ఇష్టం. వద్దనుకుంటే 87కి పెంచుకో. గాత్రం వాళ్ళు గమకం (స్వరాన్ని ఊపి పలకడం) లేకుండా రాగమేటంటారు, నిజమే, ఇది ఉత్త స్వరాల వరసే.

రాండమ్ డైరెక్షన్‌ని పారెయ్యకు, దాని చోటు వేరే. తప్పెటగుళ్ళోళ్ళ కాళ్ళ గజ్జెల శాంపిల్ ఉంటే ఇంకో డ్రమ్ ట్రాకులో వేసి, స్టార్ట్, ఎండ్ పాయింట్లు నాలుగు స్టెప్పులకి కుదించు. అందులో రెంటికే దెబ్బ పెట్టి రాండమ్‌లో తిప్పు. దరువు కదలదు, గజ్జెలు మాత్రం మనిషి ఆడినట్టుంటాయి. ఇది హెడ్‌ఫోన్‌లో కాకుండా స్పీకర్‌లో విను.

విజినగరం_కీస్:
మావా, అదిరింది. మరి పింగ్‌పాంగ్ దేనికీ పనికిరాదా?

ఏడురోడ్ల_మావ:
ఎందుకు పనికిరాదు? హంసధ్వని, మోహనం, మాయామాళవగౌళ, ఇలగ ఎక్కినట్టే దిగే వాటికి నిశ్చింతగా పెట్టు. కాకపోతే చివరి స్టెప్పు రెండుసార్లు కొట్టే మెషీన్లుంటాయి, ఒకసారే కొట్టేవీ ఉంటాయి. ఎనిమిది స్టెప్పుల పింగ్‌పాంగ్ మొదటి రకంలో 16, రెండో రకంలో 14. ఎనిమిదో స్టెప్పు మీద ఒక్క రిమ్ దెబ్బ వేసి విను, టక్‌టక్ అని జంటగా పడితే 16.

బొబ్బిలి_బీట్:
14 అంటే రెండు మిశ్రచాపులు (ఏడు లెక్కల తాళం) కదా మావా! తప్పెట్లని కూడా 14కి కోసేస్తే?

ఏడురోడ్ల_మావ:
కోసి ఫైలు ఇక్కడ పెట్టు, ఇందాం.